కథ ఒకవైపు, నియమం ఒకవైపు

నవలను విమర్శించటానికీ, నాటకాన్ని విమర్శించటానికీ మనకు అలవాటైన ప్రశ్నలున్నవి. వస్తువేమిటి? రూపం ఆ వస్తువుకు తోడ్పడిందా, అడ్డుపడిందా? రచయిత దృక్పథం ఎటు మొగ్గింది? ఈ మూడు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే విమర్శలో సగం పని అయినట్టే. ఆటను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం మనవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ గూట్లో పెట్టి, పిల్లల్ని చెడగొడుతుందనో, పొద్దుపుచ్చటానికి బాగుందనో ఒక ముక్క అని ఊరుకుంటారు. ఆ రెండూ విమర్శ కావు. చదువుకున్న కుర్రవాళ్ళు చాలామంది నవలకన్నా ఆటకే ఎక్కువ కాలం వెచ్చిస్తున్న ఈ రోజుల్లో, నవలను అడిగిన ప్రశ్నలే ఆటనూ అడగటం మన విధి అని నేననుకుంటాను.

నేను అడగదలచిన ఆట పేరు 'ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్'. జపానులోని స్క్వేర్ సంస్థ 1997లో ప్లేస్టేషన్ యంత్రానికి దీన్ని విడుదల చేసింది. కథారచనా దర్శకత్వమూ యాసుమి మత్సునోవి. కొన్ని చేర్పులతో, కొత్త ఇంగ్లీషు అనువాదంతో 2007లో 'ది వార్ ఆఫ్ ది లయన్స్' అనే పేరుతో మళ్ళీ వచ్చింది. అదే 2011లో ఐఫోనుకూ, 2015లో ఆండ్రాయిడు ఫోనులకూ వచ్చింది. 2025 సెప్టెంబరులో ఇప్పటి యంత్రాలన్నిటికీ సరిపడేటట్టు 'ది ఇవాలీస్ క్రానికల్స్' అనే పేరుతో ఇంకొకసారి వచ్చింది. బందరులో పాఠాలు చెప్పుకుని విరమించిన నాకు దీన్ని ఫోనులో పెట్టి ఇచ్చినవాడు మా మేనల్లుడు. ఇప్పటికి నాలుగుసార్లు మొదటినుంచి చివరిదాకా ఆడాను. నేనిక్కడ మాట్లాడేది 1997 నాటి నియమాలను గురించి, వాటిని చాలావరకు అలాగే ఉంచిన 2007 నాటి రూపాన్ని గురించి.

ఇన్ని ఆటలుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నావని అడగవచ్చు. దీని కథ మనవైపు మాట్లాడుతుంది కనుక. మన పక్షాన మాట్లాడే రచనను మెచ్చుకుని ఊరుకోవటం తేలిక. ఆ మాట ఎంత లోతునుంచి వచ్చిందో చూడటం కష్టం. కష్టమైన పనినే ముందు చేయాలి.

ఈ ఆట ఎరుగని పాఠకులకోసం నాలుగు మాటలు చెప్పాలి. యుద్ధభూమి చదరంగం బల్లలాగా గళ్ళుగా ఉంటుంది. అయితే నేల సమంగా ఉండదు. మిట్టలూ పల్లాలూ, ఇళ్ళ కప్పులూ, వాగులూ ఉంటవి. మనవైపు సాధారణంగా ఐదుగురు దిగుతారు. ఎవరి వంతు ముందు వచ్చేదీ వాళ్ళ వేగాన్నిబట్టి తేలుతుంది. వెనకనుంచి కొడితే దెబ్బ తప్పించుకోవటం కష్టం. ప్రతి సైనికుడికీ ఒక వృత్తి ఉంటుంది. మందులు వేసేవాడు, విలుకాడు, మంత్రగాడు, మల్లుడు, దొంగ, ఇలా 1997 ఆటలో 20 వృత్తులు ఎవరైనా చేపట్టదగినవి ఉన్నవి. ఒక వృత్తిలో నేర్చిన విద్యను ఇంకొక వృత్తిలోకి మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. పడిపోయిన సైనికుణ్ణి అతని మూడు వంతులు గడిచేలోగా లేపకపోతే శాశ్వతంగా పోతాడు. నాయకుడి పాత్ర మనం ధరిస్తాము. వ్యూహమూ మనదే, వేషమూ మనదే.

ఇక కథ. ఇవాలీస్ అనే రాజ్యం పొరుగు రాజ్యంతో యాభై ఏళ్ళు యుద్ధం చేసి ఓడిపోయింది. యుద్ధానికి స్వచ్ఛందంగా వచ్చిన సామాన్యులను, పని తీరగానే జీతబత్తేలు లేకుండా పొమ్మన్నారు. వాళ్ళు తిరగబడ్డారు. ఆ దండుకు నాయకుడు వీగ్రాఫ్, అతని చెల్లెలు మిలూడా కూడా అందులో సైనికురాలు. మనం ధరించే రామ్జా ఒక మహా ప్రభువంశంలో చివరివాడు, సామాన్యురాలి కడుపున పుట్టినవాడు. అతని స్నేహితుడు డెలిటా అదే ఇంట్లో పెరిగిన సామాన్యుడు. ఈ ఇద్దరు కుర్రవాళ్ళనూ తిరుగుబాటును అణచటానికి పంపుతారు. డెలిటా చెల్లెలు టియెట్రాను ప్రభువుల పిల్ల అనుకుని తిరుగుబాటుదారుల్లో ఒకడు ఎత్తుకుపోతాడు. ఆమె నిజంగా ప్రభువుల పిల్లే అయితే బేరం సాగేది. కాదు కనుక, రామ్జా అన్నగారి ఆజ్ఞతో, అర్గాథ్ అనే తోటి కుర్రవాడు ఆమెను బాణంతో కొట్టి చంపుతాడు. ఈ అర్గాథ్ ఎవరు? చితికిపోయిన ప్రభువంశంవాడు. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా, పుట్టుక ఒక్కటి మిగిలినవాడు. ఆటలో సామాన్యులను అందరికన్నా ఎక్కువ అసహ్యించుకునేది వాడే. ఈ పాత్రను రాయటానికి సమాజాన్ని దగ్గరగా చూసి ఉండాలి. ఎకరాలు కరిగిపోయినా గొంతులో పెత్తనం కరగని మనుషుల్ని చూసిన మా జిల్లా పాఠకులకు అర్గాథ్‌ను పరిచయం చేయనక్కరలేదు.

ఆ తర్వాత ఇద్దరు ప్రభువులు రాజవంశపు వారసుల పేరున సింహాసనంకోసం దేశాన్ని రెండుగా చీల్చటం, డెలిటా అందరినీ మెట్లుగా తొక్కి రాజు కావటం, రామ్జా మతద్రోహి అనిపించుకుని చరిత్రలో పేరు లేకుండా పోవటం మిగతా కథ. ఇదంతా కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఒక చరిత్రకారుడు చెబుతున్నట్టు నడుస్తుంది. జరిగింది జరిగినట్టు రాసిన అతని పూర్వీకుణ్ణి మతపీఠం తగలబెట్టించింది. రాజుల చరిత్ర అబద్ధమనీ, అసలు పని చేసినవాళ్ళ పేర్లు రాతలోకి ఎక్కలేదనీ ఆట మొదటి మాటగానూ చివరి మాటగానూ చెబుతుంది. వస్తువు ఇది. దీన్ని ఎవరు కాదంటారు?

ఇప్పుడు రూపం సంగతి చూద్దాం. ఆటకు రూపమంటే బొమ్మలూ సంగీతమూ మాత్రమే కాదు. అవి బాగున్నవి, ఆ విషయంలో పేచీ లేదు. ఆటకు అసలు రూపం నియమం. ఎవరికి ఏ బలం ఇచ్చారు, ఏ పనికి ఏ ప్రతిఫలం కట్టారు, ఎవరు పోతే ఆట ముగుస్తుంది, ఎవరు పోయినా ముగియదు అనేవి నియమాలు. నవలాకారుడు వాక్యంతో చెప్పేదాన్ని ఆట తయారుచేసినవాడు నియమంతో చెబుతాడు. ఈ ఆటలో నియమం ఏమంటున్నది?

మొదటిది, మనుషుల విలువ. ఈ ఆటలో మన దండులో రెండు రకాలవాళ్ళుంటారు. ఒకరు పట్టణంలో కొద్ది సొమ్మిచ్చి చేర్చుకునే కిరాయి సైనికులు. వాళ్ళకు ఒక పేరుంటుంది గాని కథ ఉండదు. రెండోవారు కథలోనుంచి వచ్చి చేరే విశిష్టులు. యువరాణి అంగరక్షకురాలు అగ్రియాస్‌నే చూడండి. ఆమెకు దివ్యఖడ్గవిద్య ఉన్నది. కిరాయి మంత్రగాడు మంత్రం వేయాలంటే శక్తి ఖర్చు కావాలి, మంత్రం పక్వమయ్యేదాకా కాచుకుని కూర్చోవాలి, ఆలోగా శత్రువు జరిగిపోవచ్చు. అగ్రియాస్ కత్తి ఎత్తితే చాలు, దూరాన ఉన్నవాడికి ఆ క్షణాననే తగులుతుంది. ఖర్చు లేదు, కాలయాపన లేదు. ఈ విద్యను కిరాయి సైనికుడు ఎంత కష్టపడినా నేర్వలేడు. ఆ వృత్తి అతనికి తెరవలేదు. నాలుగో అధ్యాయంలో కౌంట్ ఓర్లాండో చేరినప్పుడు సంగతి ఇంకా ముదురుతుంది. ఖడ్గవిద్యలన్నీ ఆయన ఒక్కడివే. వచ్చేటప్పుడే ఎక్స్‌కాలిబర్ అనే కత్తి వెంట తెచ్చుకుంటాడు. దానితో ఆయన వేగం ఎప్పుడూ హెచ్చే. నేను కిరాయి దండుతో ఒక యుద్ధంలో తలపట్టుకు కూర్చుంటే మా మేనల్లుడు అన్నాడు: "ఆయన్ని దించు మామయ్యా, ఇంక నువ్వు ఆలోచించనక్కర్లేదు." వాడు చెప్పింది అక్షరాలా నిజం. వ్యూహంతో ఆడవలసిన ఆటలో ఆలోచన అక్కరలేకుండా చేసే మనిషి ఒకడున్నాడంటే, అది ఆ మనిషి గొప్పతనం కాదు, ఆటలో లోపం.

విశిష్టులందరూ ప్రభువులు కారుగదా అనవచ్చు. నిజమే. తుపాకి పట్టే ముస్తాదియో యంత్రాలు బాగుచేసే ఇంటి పిల్లవాడు. పనికివచ్చేవాడే, అయినా ఓర్లాండో పక్కన నిలవడు. ఇక ఒక డ్యూకు తన అవసరంకోసం చేరదీసి పెంచిన అనాథలు, అన్నాచెల్లెళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ప్రత్యేకవిద్య ఏమిటి? ఎక్కడ తగులుతుందో తెలియని దెబ్బ. అయిదారు గళ్ళలో ఏదో ఒక గడిమీద పడుతుంది, శత్రువు ఉన్న గడిమీద పడితే అదృష్టం. ప్రభువుల కత్తికి గురి తప్పదు, అనాథల మంత్రానికి గురి లేదు. తయారుచేసినవాళ్ళు ఇది తలచి చేశారని నేననను. తలవకుండా చేసినప్పుడే రూపం తన అలవాటు బయటపెట్టుకుంటుంది. పుట్టుక మనిషి విలువను నిర్ణయించరాదని కథ గొంతెత్తి చెబుతుండగా, నియమం తీరిగ్గా కూర్చుని పుట్టుకనుబట్టి బలం పంచుతున్నది.

రెండోది, సంఘబలం సంగతి. ఈ ఆట ఆడినవాళ్ళందరూ తలచుకునే ఘట్టం రియోవనీస్ కోట. అక్కడ మూడు యుద్ధాలు వరసగా వస్తవి. మధ్య మధ్య ఆటను భద్రపరచుకోమని ఆటే అడుగుతుంది. భద్రపరచుకున్నవాడు వెనక్కి పోయి బలం పెంచుకోవటానికి వీలులేదు. రెండో యుద్ధం మొదట్లో రామ్జా ఒంటరిగా వీగ్రాఫ్‌ను ఎదుర్కోవాలి. ముందునాటి ప్రతిని వేరే ఉంచుకోని ఆటగాడికి, ఇక్కడ రామ్జా బలహీనుడైతే, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టటం తప్ప దారిలేదు. దీన్ని సాధారణంగా సౌకర్యలోపంగా చెబుతారు. 2025 నాటి రూపం ఆటను తానే భద్రపరచటం, కాఠిన్యం తగ్గించుకోనివ్వటంవంటి సౌకర్యాలు కలిపింది. మంచిదే. కాని నా అభ్యంతరం సౌకర్యానికి సంబంధించింది కాదు. ఐదుగురిని కూర్చి, ఒకడి లోటు ఇంకొకడు పూడ్చేటట్టు దండును తీర్చటమే విద్య అని అప్పటిదాకా నేర్పిన ఆట, అసలు పరీక్షలో ఆ నలుగురినీ తలుపు బయట నిలబెట్టి, నాయకుడు ఒక్కడే ఎంతవాడో తేల్చుకోమంటున్నది. సంఘం కట్టటం నేర్పి వీరపూజలో పరీక్ష పెట్టినట్టున్నది ఇది.

ఆ పరీక్షలో ఎదురు నిలిచేదెవరు? ఒకనాడు జీతం అందని సైనికుల తిరుగుబాటు నడిపిన వీగ్రాఫే. ఇప్పటికి అతను మతపీఠం కొలువులో చేరి, ఒక మాయరాయితో ఒప్పందం చేసుకున్నాడు. మన కళ్ళముందే రాక్షసుడవుతాడు. ఇక్కడినుంచి కథే జారటం మొదలుపెట్టింది. ప్రభువుల దురాశ, మతపీఠం కుట్ర, సామాన్యుల ఆకలి అనే మూడు తాళ్ళతో అల్లుకొచ్చిన కథ క్రమంగా రాక్షససంహారంగా మారుతుంది. పెత్తందారుల పాపమంతా చివరికి దయ్యాల లెక్కలో రాసేస్తే, పెత్తనం మాట ఏమైనట్టు? దయ్యాన్ని చంపితే పోయేది దయ్యమే. పన్నులూ, పుట్టుకలూ అలాగే ఉంటవి.

మూడోది, శ్రమ. విద్య నేర్వాలంటే ఏదో ఒక పని చేయాలి. ఏ పని అన్నది నియమం పట్టించుకోదు. కనుక ఆటగాళ్ళు కనిపెట్టిన ఉపాయమేమిటంటే, శత్రువుల్లో ఒకణ్ణి చంపకుండా నిలిపి, తమ సైనికులచేత ఒకరిమీద ఒకరు రాళ్ళు రువ్వించుకోవటం. రాయికొక పైసా లెక్కన విద్య పెరుగుతుంది. గంటలతరబడి ఈ పని చేసి బలం కూడగట్టుకున్నవాడికి కథలోని యుద్ధాలు చాలావరకు పిల్లలాట అవుతవి. ఇంకా ఓపికున్నవాడు లెక్కలవిద్య నేర్చి, ఎత్తు మూడింట భాగింపబడేవాళ్ళో, స్థాయి ఐదింట భాగింపబడేవాళ్ళో అని సంఖ్య చెప్పి, ఖర్చూ కాలయాపనా లేకుండా యుద్ధభూమి అంతా ఒక్కసారి తుడిచిపెడతాడు. అప్పుడు మిట్టా పల్లమూ, వెనకా ముందూ అని నేర్చిన వ్యూహమంతా వృథా. పనికీ ఫలానికీ పొంతన లేని చోట శ్రమ చాకిరీ అవుతుంది.

ఇంతవరకు చెప్పిన లోపాలు ఒకసారి ఆడి పక్కన పెట్టేవాడికి అంతగా బాధించవు. కథ అతన్ని లాక్కుపోతుంది. సమస్య మళ్ళీ ఆడటంలో ఉన్నది. ఈ ఆటను మెచ్చుకునేవాళ్ళందరూ చెప్పే మొదటి గుణం, ఎన్నిసార్లయినా ఆడవచ్చునని. ఆ గుణాన్నే పరిశీలించాలి.

మళ్ళీ మళ్ళీ చూడటమంటే ఏమిటో మా జిల్లావాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. బందరుకు కొద్ది దూరంలోనే కూచిపూడి. భామాకలాపంలో కథ ఎంత? సత్యభామ అలుగుతుంది, కృష్ణుడికోసం అలమటిస్తుంది. ఇది తెలియనివాడు ప్రేక్షకుల్లో ఒక్కడుండడు. అయినా వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం కడుతున్నాడంటే బండ్లు కట్టుకుని పోయేవారు. కథకోసం కాదు. తెలిసిన కథను ఈసారి ఎలా నడుపుతాడో చూడటంకోసం. అంటే మళ్ళీ చూసినప్పుడు కథ వెనక్కి తగ్గి, నడక ముందుకు వస్తుంది. ఆటలోనూ అంతే. నాలుగోసారి ఆడేటప్పుడు నేను సంభాషణలను చదవకుండా వేలితో తోసుకుంటూ పోయాను. టియెట్రా చావు నాకు తెలుసు. ఇక మిగిలేది నియమం ఒక్కటే. మొదటిసారి ఆటలో మనం కథ మాట వింటాము. పదోసారి వినేది నియమం మాట. కనుక నియమం కథకు ఎదురుతిరిగిన ఆటను ఎన్నిసార్లు ఆడితే అంతగా ఆ కథను మరిచిపోతాము. మళ్ళీ ఆడించే గుణం దానంతట అదే సద్గుణం కాదు. ఏది మళ్ళీ ఆడిస్తున్నదో చూడాలి.

ఈ మాట గుడివాడలో ఉన్న మిత్రుడితో అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆయన పిల్లలకు చదరంగం నేర్పుతాడు. 1987లో గుడివాడలో పుట్టి, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి పేరు చెప్పి పిల్లలను బల్లముందు కూర్చోబెట్టే మనిషి. "ఏమండీ, చదరంగంలో రాజు పోతే ఆట పోయినట్టే. అందుకని ఆడేవాళ్ళందరూ రాజభక్తులా? బంట్లను బలిపెడతాం. అందుకని కూలీలంటే లెక్కలేనివాళ్ళమా? నియమం నియమమే. అందులో దృక్పథం వెతకటం ఈకకు ఈక పీకటం" అన్నాడు.

ఇది కొట్టిపారేయదగిన ఆక్షేపణ కాదు. చదరంగంలో రాజు అనే పేరు ఆడగా ఆడగా అరిగిపోయింది. అక్కడ మిగిలింది ఒక సంబంధాల లెక్క. పైగా ఆ లెక్కలో చివరి వరస చేరిన బంటు మంత్రి కావచ్చు, ఏ బంటైనా సరే. కాని నేను అడిగేది వేరు. చదరంగం మనకు ఏ మాటా ఇవ్వలేదు. రాజులు అన్యాయం చేశారనీ, పేరు లేనివాళ్ళే చరిత్ర నడిపారనీ అది చెప్పలేదు. ఈ ఆట చెప్పింది. చెప్పినవాణ్ణే మాట నిలుపుకున్నావా అని అడుగుతాము.

మాట నిలుపుకున్న ఆట ఒకటి నేనెరుగుదును. దానికి రచయిత పేరు లేదు. దివిసీమలో నాగాయలంక వైపు మా అమ్మమ్మగారి ఊరు. వాళ్ళ ఇంటి అరుగుమీద మసిబొగ్గుతో గీసిన పులి-మేక పటం ఉండేది. మూడు గవ్వలు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. పులి పక్కనున్న మేకమీదనుంచి దూకి దాన్ని తినవచ్చు, ఆ మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే. మేక ఎవరినీ తినలేదు, దూకలేదు. దానికి చేతనైందల్లా ఒక చోట నిలబడటం. మేకలన్నీ సమానమే, వాటిలో విశిష్టులు లేరు. అమ్మమ్మ అనేది: "ఒంటిగా పెట్టకురా నాయనా, వెనక ఇంకోటి ఉందా చూసుకో. ఉంటే పులేం చేస్తుంది?" పులులు కదలటానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. ఆ ఆటకు కథ లేదు. చెప్పవలసిందంతా నియమమే చెబుతుంది. ఒక ఆట అయ్యాక గవ్వలు అటూ చింతపిక్కలు ఇటూ మారేవి. ఇందాక మేకలు కాసినవాడే ఇప్పుడు పులి కళ్ళతో చూడాలి, ఎక్కడ ఖాళీ ఉందా అని. రెండువైపులా ఆడినవాడికే ఆట తెలుస్తుంది. పులి-మేకను మళ్ళీ మళ్ళీ ఆడించేది అదే.

దానిలోనూ లోపాలున్నవి. మేకలన్నీ పటంమీదికి వచ్చేదాకా ఒక్క మేకా కదలకూడదు కనుక మేకలవాడికి మొదటి సగం విసుగు. పులి అవే రెండు చోట్లమధ్య తిరుగుతుంటే ఆట ఎప్పటికీ తెమలదు. ఎన్ని మేకలు పోతే ఓటమో ఇంటికొక లెక్క. మా ఇంట్లో అయిదు, పక్కింట్లో వేరు. దీనిమీద కొట్టుకున్న రోజులున్నవి. అయినా ఆ లోపాలు ఆట చెప్పే మాటకు అడ్డుపడలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ ఇల్లూ, ఆ అరుగూ పోయినవి. బతికి బయటపడ్డ అమ్మమ్మ బందరులో మా ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు సుద్దముక్క అడిగి వరండాలో అవే గీతలు గీసింది. ఏ యంత్రమూ అక్కరలేకుండా, ఏ నేలమీదనైనా తిరిగి మొదలయ్యే ఆట అది.

రామ్జా ఆటలో మనం ఒక్కసారైనా చింతపిక్కలవైపు కూర్చోలేము. మిలూడా దండుతో కలిసి ఆడే వీలు లేదు. ఆమెను చంపితేనే కథ ముందుకు పోతుంది, చంపినందుకు విద్య పెరుగుతుంది. ఆ చంపటంలో మనచేత తప్పు చేయించి సిగ్గుపడేటట్టు చేయటమే రచయిత ఉద్దేశమని అంటే, మొదటిసారికి ఒప్పుకుంటాను. నాలుగోసారి ఆ సిగ్గు ఉండదు. విద్య ఎంత పెరిగిందన్న లెక్క మాత్రం ఉంటుంది.

ఇంత చెప్పిన తర్వాత, ఈ ఆటను తీసిపారేయమంటావా అంటే, అనను. దీని నియమాల్లోనే దీని కథకు న్యాయం చేసే భాగం ఒకటున్నది, అదే వృత్తుల వ్యవస్థ. కిరాయికి వచ్చిన ఏ పేదవాడైనా కష్టపడితే ఆ ఇరవై వృత్తుల్లో దాదాపు దేనినైనా చేపట్టవచ్చు. మందులు వేసే పిల్ల మల్లవిద్య నేర్వవచ్చు. మల్లుడు మంత్రం నేర్వవచ్చు. తండ్రి వృత్తి కొడుకును కట్టెయ్యదు. కులం వృత్తిని నిర్ణయించిన దేశంలో పుట్టిన పాఠకుడికి ఈ నియమం ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. అంతేకాదు, మాటలతో ఒప్పించేవాడి వృత్తి ఒకటున్నది. ఆ విద్య ఉన్నవాడు ఎదుటిదండులోని పేరులేని సైనికుణ్ణి చంపకుండా తనవైపు తిప్పుకోవచ్చు. తిరుగుబాటుదండులోని సైనికుణ్ణయినా సరే. మిలూడామీద ఆ విద్య పనిచేయదు, అది వేరు సంగతి. రచయిత ప్రసంగాలకన్నా ఈ రెండు నియమాల్లో ఎక్కువ ప్రజాస్వామ్యం ఉన్నది.

నాలుగోసారి ఆడినప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఓర్లాండోను శిబిరంలో కూర్చోబెట్టాను. అగ్రియాస్‌నూ అంతే. రామ్జా తప్పనిసరి కనుక అతనూ, నలుగురు కిరాయివాళ్ళూ. ఒక్కసారిగా మిట్టా పల్లమూ మళ్ళీ అర్థవంతమైనవి. ఎవరు ఎవరి వెనక నిలబడాలో చూసుకోవలసి వచ్చింది. అమ్మమ్మ మాట గుర్తుకు వచ్చింది. మొదటినుంచీ నా వెంట ఉన్న మందులమ్మాయి ఒక యుద్ధంలో పడిపోయింది. మూడు వంతుల్లో ఎవరూ చేరుకోలేకపోయారు. కథలో ఆమె చావును ఎవరూ గుర్తించరు. తర్వాతి ఘట్టంలో ప్రభువులు తమ గొడవలు తాము మాట్లాడుకుంటూనే ఉన్నారు. పేరులేనివాళ్ళు రాతకెక్కరని ఈ ఆట చెప్పదలచుకున్న మాట నాకు నిజంగా తగిలింది అప్పుడే. చరిత్రకారుడు చెప్పినప్పుడు కాదు.

ఇలా తమకు తామే కట్టుబాట్లు పెట్టుకుని, ఒకే వృత్తివాళ్ళతో ఆట అంతా గెలిచేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఈ ఆటకు ఇన్నేళ్ళ ఆయుస్సు వాళ్ళు పోసిందే చాలావరకు. రచనలోని లోపాన్ని పాఠకుడు పూడ్చుకుంటున్నాడంటే, పాఠకుడికి నమస్కారం పెట్టాలి గాని రచయితకు కాదు. అయితే పూడ్చుకోవటానికి చోటు మిగిల్చిన రచన, చోటే లేని రచనకన్నా ఎంతో మేలు. ఈ ఆటను నేను గొప్ప ఆట అనేది ఆ అర్థంలోనే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా కృష్ణాతీరం పిల్లలు వేలమంది యంత్రాలకు నియమాలు రాసే ఉద్యోగాల్లోనే ఉన్నారు. రేపు వాళ్ళలో ఎవరికో మన కథతో ఒక ఆట చేయాలనిపిస్తుంది. దివిసీమలో చల్లపల్లి జమీందారీ భూములకోసం 1940ల్లో కౌలుదార్లూ కూలీలూ చేసిన పోరాటాన్ని తీసుకోవచ్చు. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసిందాకా నడిచిన ఆ కథలో వ్యూహం ఉన్నది, వేషాలున్నవి, రాతకెక్కని పేర్లు లెక్కలేనన్ని ఉన్నవి. ఆ పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. సంభాషణల్లో కూలీని పొగిడి, బలం పంచేటప్పుడు జమీందారు కొడుక్కి ఖడ్గం ఇవ్వకండి. ఒంటిగా నిలబడ్డవాడు ఎందుకు పోతాడో, వెనక ఇంకొకడుంటే ఎందుకు నిలుస్తాడో ఆడేవాడికి వేళ్ళకు తెలిసేటట్టు నియమం కట్టండి. కథను తర్వాత రాసుకోవచ్చు. నాలుగోసారి ఆడేవాడు మీ కథను ఎలాగూ చదవడు.